విజయశ్రీ గోడకుర్చీ

విజయశ్రీకి ఆకుపచ్చ గౌను తొడిగారు. తలకు టోపీ పెట్టారు. ఎడమ కంట్లో చుక్కల మందు వేసి, ఏ కంటికి చేయాలో మరిచిపోకుండా ఆ వైపు నుదుటి మీద చిన్న ప్లాస్టరు కూడా అంటించారు. ఇక ఆపరేషన్ గదిలోకి తీసుకుపోవడమే తరువాయి. సరిగ్గా అప్పుడు వచ్చింది స్వర్ణ సిస్టర్, బీపీ మిషన్ పట్టుకుని. పట్టీ చుట్టి చూసింది. మళ్లీ చూసింది. రెండో చేతికి కట్టి చూసి, లోపలికి వెళ్లి డాక్టరుతో మాట్లాడి వచ్చింది.

"అమ్మా, బీపీ బాగా ఎక్కువున్నది. సార్ ఇయ్యాల చేయనంటున్నరు. జర తగ్గినంక రండి" అంది.

పెళ్లిపీటల మీద కూర్చోబెట్టి లేపేసినట్టయింది విజయశ్రీకి. గౌను విప్పి, చీర కట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా బయటికి వచ్చింది. అక్కడ ఫ్లాస్కూ, కొత్త నల్ల కళ్లద్దాల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న భర్త కిషన్ రావు సంబరంగా లేచాడు.

"అరె, అప్పుడే అయిపోయిందా! ఏం ఫాస్ట్ చేస్తున్నరు విజయా ఇప్పుడు!"

"కాలే. బీపీ ఉందని ఎల్లగొట్టిండ్రు. నడువుండ్రి" అందామె.

కాచిగూడ ఆసుపత్రి నుంచి చిక్కడపల్లిలో ఇంటికి ఆటోలో వస్తుంటే, కిషన్ రావు కళ్లద్దాల డబ్బాను ఫ్లాస్కు వెనక దాచాడు.

శుక్లం ఆపరేషన్ అంటే ఈ రోజుల్లో పన్ను పీకించుకున్నంత పని, నెల ఆలస్యమైతే కొంపలేం మునగవు అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. విజయశ్రీకి చూపున్న కన్ను అదొక్కటే. కుడికన్ను కాలేజీ రోజుల్లోనే పోయింది. నారాయణగూడలో చదువుకునేటప్పుడు ఆమె కాలేజీ కబడ్డీ జట్టులో ఉండేది. గీత దాటి అవతలి జట్టు మీదికి కూతకు వెళ్లడమంటే ఆమే వెళ్లాలి. ఒక మ్యాచిలో నలుగురు మీద పడి పట్టుకున్నప్పుడు ఎవరి మోచేయో కంటికి తగిలింది. ఆ తర్వాత ఆ కంటికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియలేదు. పోనీ, ఆ ఆటే కదా స్పోర్ట్స్ కోటాలో సర్కారు ఉద్యోగం ఇప్పించింది అని సరిపెట్టుకుంది. ఒంటి కంటితోనే ఇన్నేళ్లు ఫైళ్లు చూసింది, కూతురిని పెంచి పెళ్లి చేసింది, కిషన్ రావు లెక్కల్లో తప్పులు పట్టింది.

ఇప్పుడు యాభై తొమ్మిదో ఏట ఆ ఒక్క కంట్లోనూ శుక్లం. రెండేళ్లుగా మసక పెరుగుతూనే ఉంది. బస్సు నంబరు కనపడదు, పక్కవాళ్లను అడగాలి. బియ్యంలో రాళ్లు కనపడవు. ఎదురుగా వచ్చే మనిషిని గొంతు విని గుర్తుపట్టాలి. బీపీ దిగితే తప్ప ఆపరేషన్ లేదు, ఆపరేషన్ లేకపోతే ఒకనాటికి ఈ కన్ను కూడా మూసుకుపోతుంది. ఆమె భయం అదీ. ఆ భయాన్ని ఎవరితోనూ అనలేదు. అనే అలవాటు ఆమెకు లేదు.

నారాయణగూడలో వాళ్లింటిల్లిపాదికీ ఎప్పటినుంచో వైద్యం చేసే డాక్టర్ చంద్రిక దగ్గరికి వెళ్లారు. ఆమె అంతా విని, కాగితాలు తిరగేసి, ఉన్న మాత్రకు తోడు ఇంకో మాత్ర రాసింది.

"మాత్రలు ఒక్కరోజు కూడా ఆపొద్దు. ఉప్పు తగ్గించండి. దాంతోపాటు ఒళ్లు కదలాలె. పొద్దుగాల అరగంట నడవండి, ఇంటికొచ్చినంక గోడకుర్చీ వేయండి."

"గోడకుర్చీనా మేడం?"

"అదేనండీ, చిన్నప్పుడు బడిల వేయించేటోళ్లు కదా. గోడకు వీపు ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టే కూసోవాలె. కొద్దిసేపు కూసోని లేవాలె, రెస్టు తీస్కోవాలె, మళ్లీ కూసోవాలె. మెల్లగ, మామూలుగ ఊపిరి తీస్కుంట."

హోంవర్క్ చేయనందుకు మాస్టర్లు వేయించే శిక్షను ఈ వయసులో డాక్టరమ్మ వేయించడం చూసి కిషన్ రావుకు నవ్వొచ్చింది కానీ, భార్య పక్కనే ఉంది కనక మింగేశాడు.

డాక్టరమ్మ మెల్లగా అని స్పష్టంగానే చెప్పింది. తప్పు ఆమెది కాదు. 'మెల్లగ' అన్న మాట దగ్గర విజయశ్రీ చెవులు మూసుకుపోయాయి, అంతే. ఆమెకు వినపడింది ఒక్కటే, ఇన్నాళ్లకు మళ్లీ ఒక మ్యాచ్ ఉంది, గెలవాలి.

కబడ్డీ ఆడినవాళ్లకు ఊపిరి అంటే తీసి విడిచేది కాదు, దాచుకునేది. కూతకు వెళ్లిన మనిషి తిరిగి తన వైపు వచ్చేదాకా కొత్త ఊపిరి తీయకూడదు. తీస్తే ఔట్. దానికోసం వాళ్ల పీటీ మేడం పిల్లలను వరసగా నిలబెట్టి, ముక్కూ నోరూ బిగించమని గ్రౌండు చుట్టూ పరుగెత్తించేది. మధ్యలో ఊపిరి విడిచిన పిల్లకు ఇంకో రౌండు. అట్లా నేర్చిన ఒంటికి వ్యాయామం అంటే ఇంకో రకం కూడా ఉంటుందని ఎవరు చెప్పాలి?

మర్నాటి నుంచి మొదలుపెట్టింది. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో వాళ్లిల్లు. అక్కడి నుంచి అశోక్ నగర్ చౌరస్తా మీదుగా ఇందిరా పార్కు వైపు నడక. ఒక కరెంటు స్తంభం దగ్గర నిలబడి గుండెనిండా గాలి పీల్చేది. మూతి బిగించి, పిడికిళ్లు బిగించి, తరవాతి స్తంభం దాకా ఒకే ఊపిరి మీద పోయేది. అక్కడ స్తంభం పట్టుకుని రొప్పేది. మళ్లీ గాలి పీల్చేది, మళ్లీ పోయేది. కూత పైకి అనకుండా లోలోపల అనుకునేది. స్తంభం చేరేలోపు ఊపిరి తెగిందో, వెనక్కి వెళ్లి మళ్లీ మొదటినుంచి. ఎవరూ అడగకపోయినా తనకు తానే పాయింట్లు వేసుకునేది.

దారిలో పలకరించేవాళ్లకు జవాబు ఎట్లా చెబుతుంది? నోరు తెరిస్తే ఔట్ కదా! "ఏం విజయక్కా, బాగున్నవా?" అంటే కళ్లు పెద్దవి చేసి తల ఊపి సాగిపోయేది. రిటైర్మెంటు దగ్గర పడుతుంటే పొగరెక్కిందని కొందరు అనుకున్నారు. గుడి దగ్గర పూలమ్మే కమలవ్వ మాత్రం అట్లా అనుకోలేదు. బిడ్డ ఏదో మౌనవ్రతం పట్టిందనుకుని, దండం పెట్టి మూర మల్లెపూలు చేతిలో పెట్టింది. విజయశ్రీ ఆ దండానికి కూడా నోరు తెరవలేదు.

ఇంటికొచ్చాక గోడకుర్చీ. పడకగది గోడకు వీపు ఆనించి, తొడలు వణికేదాకా, మొహం కందిపోయేదాకా, ఊపిరి బిగించి కూర్చునేది. చాయ్ పట్టుకొచ్చిన కిషన్ రావు ఒకరోజు ఆ అవతారం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"విజయా, నీ మొహం ఎర్రగయింది. డాక్టరమ్మ గిట్లనే చెయ్యమన్నదా?"

ఆమె చేత్తో పొమ్మని సైగ చేసింది. ఆయన పోయాడు. అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు జిరాక్సులు తీసి బతికే మనిషి, మిషన్ బటన్ నొక్కడం తప్ప ఇంకో కసరత్తు ఎరగడు. కాలేజీకి కప్పులు తెచ్చిన ఆమెకు ఎక్సర్‌సైజ్ గురించి తానేం చెబుతాడు? చాయ్ చల్లారకుండా దాని మీద మూత పెట్టి షాపుకు వెళ్లిపోయాడు.

రెండోసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు విజయశ్రీ గెలిచే జట్టులాగే వెళ్లింది. మాత్ర మరిచిపోలేదు, నడక మరిచిపోలేదు, ఉప్పు ముట్టలేదు. మళ్లీ గౌను, మళ్లీ టోపీ, మళ్లీ చుక్కలు. స్వర్ణ పట్టీ చుట్టింది. మిషన్ వైపు చూసి, విజయశ్రీ వైపు చూసి, పట్టీ విప్పుతూ నిలబడింది.

"చెప్పమ్మా. ఎంతున్నది?"

"పోయినసారి కంటే ఎక్కువున్నదమ్మా."

"గిన్ని దినాలు కష్టపడ్డ కదా! ఒక్కరోజు ఆగలే కదా!" అంది విజయశ్రీ. ఆ గొంతు విని పక్క మంచం మీద ముసలాయన కూడా లేచి కూర్చున్నాడు.

బయట కిషన్ రావు ఈసారి నోరు జారలేదు. ఆమె నడక చూసే విషయం తెలుసుకుని లేచి చెప్పులు వేసుకున్నాడు.

"ఇగ నేను రాను. నాకు ఆపరేషన్ వద్దు, ఏమొద్దు. కనపడినన్ని దినాలు కనపడతది, లేకుంటే లేదు" అందామె ఆటో ఎక్కుతూ.

నారాయణగూడ రాగానే కిషన్ రావు ఆటో ఆపించి, "దిగు" అన్నాడు. పెళ్లయ్యాక ఆమెను అడగకుండా ఆయన తీసుకున్న మొదటి నిర్ణయం అదే. ఆ ఆశ్చర్యంలోనే విజయశ్రీ దిగింది.

డాక్టర్ చంద్రికకు కూడా విచిత్రంగానే అనిపించింది.

"మాత్రలు వేసుకుంటున్నరా?"

"బరాబర్ వేసుకుంటున్న."

"ఉప్పు?"

"ఇద్దరం చప్పిడి తిండే తింటున్నం మేడం, నాలుక మొద్దుబారింది" అన్నాడు కిషన్ రావు.

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి, "గోడకుర్చీ ఒకసారి వేసి చూపించండి" అంది.

అదెంత పని! విజయశ్రీ కొంగు నడుముకు దోపి, బరువు చూసే మిషన్‌కూ క్యాలెండర్‌కూ మధ్య గోడకు వీపు ఆనించింది. గుండెనిండా గాలి పీల్చింది. బిగించింది. కూర్చుంది.

"విజయశ్రీ గారు, జర ఏమన్న మాట్లాడండి" అంది డాక్టరమ్మ.

జవాబు లేదు.

"మీ పేరు చెప్పండి."

జవాబు లేదు. మొహం ఎర్రబడుతోంది.

"ఊపిరి తీస్తున్నరా మీరు?"

లేదని విజయశ్రీ గర్వంగా తల అడ్డంగా ఊపింది.

"అయ్యో! లేవండి, లేవండి! ఊపిరి ఇడవండి ముందు!"

విజయశ్రీ లేచి, గాలి వదిలి, రొప్పుతూ అడిగింది. "ఇడిస్తే ఔట్ కదా మేడం?"

డాక్టరమ్మకు ముందు అర్థం కాలేదు. కాలేజీ, కబడ్డీ, పీటీ మేడం, కరెంటు స్తంభాలు, కథ మొత్తం విన్నాక కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. కిషన్ రావు కూడా నవ్వాడు, భార్య చూపు తగిలాక ఆపేశాడు.

"చూడండి విజయశ్రీ గారు. ఊపిరి బిగబట్టి ఒళ్లు బిగిస్తే బీపీ ఒక్కసారి మీదికి తంతది. మీలాంటోళ్లకు అది మంచిది కాదు. మంచి చేసే పనినే మీరు ఉల్టా చేస్తున్నరు. ఇక్కడ పాయింట్లు లేవు, అవతల టీం లేదు. ఆసుపత్రిల భయానికి కూడా కొంత పెరుగుతది, అది వేరే సంగతి" అంది. "ఇయ్యాలటి సంది ఒక్కటే రూలు. నడిచినా, గోడకుర్చీ వేసినా, నోట్లకెళ్లి మాట సాఫీగ రావాలె. మాట తెగిందంటే జోరు తగ్గించాలె. గుండెల నొచ్చినా, కళ్లు తిరిగినా అక్కడికక్కడ ఆపి నాకు ఫోన్ చెయ్యాలె. మాట్లాడనీకి ఒక మనిషిని వెంట తీసుకపోండి."

ఆడవాళ్లిద్దరూ కిషన్ రావు వైపు చూశారు. పొద్దున్నే షాపు తెరవాలన్న సాకు ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మర్నాడు ఇద్దరూ కలిసి బయల్దేరారు. ముప్పై ఏళ్లు దాటిన కాపురం, తీరా మాట్లాడుకోవాలంటే ఏముంది?

"పాలాయన వచ్చిండా?"

"వచ్చిండు."

"గ్యాస్ బుక్ చేసినవా?"

"చేసిన."

అశోక్ నగర్ చౌరస్తా చేరేసరికి సరుకంతా అయిపోయింది. మాట ఆగగానే విజయశ్రీ మూతి దానంతట అదే బిగుసుకునేది, పిడికిళ్లు ముడుచుకునేవి. "మాట్లాడు విజయా, మాట్లాడు! బిగబడుతున్నవ్!" అని కిషన్ రావు అరిచేవాడు. చాయ్ బండి దగ్గర నిలబడ్డ కోచింగు పిల్లలు గ్లాసులు పట్టుకుని తిరిగి చూసేవారు. ఆమెకు తల తీసేసినట్టుండేది.

వారం తిరిగేసరికి మాటలు దొరికాయి కానీ, అన్నీ పాత తగాదాలే. ఆడపడుచు పెట్టిన చీర, కూతురి పెళ్లిలో వడ్డన దగ్గర ఎవరు ఎవరిని అవమానించారు, కవాడిగూడలో చవగ్గా వచ్చిన ఇల్లు కొనకుండా ఎవరు చెడగొట్టారు. గొంతులు లేచేవి. "డాక్టరమ్మ మాట్లాడమన్నది, కొట్లాడమనలే" అని చివరికి ఆయనే తగ్గేవాడు. గుడి దగ్గర కమలవ్వ ఈ రభస విని, "వ్రతం అయిపోయిందా బిడ్డా?" అని అడిగింది. విజయశ్రీ సిగ్గుపడి, ఆగి, అవ్వతో బాకీ ఉన్న మాటలన్నీ మాట్లాడి కదిలింది.

ఒకరోజు మాటలు వెతుక్కుంటూ కిషన్ రావు, "అవును గని, నువ్వు ఆడేటప్పుడు ఎట్లుంటుండె?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు. విజయశ్రీ మొదలుపెట్టింది. ఎవరి కాలు ఎట్లా తప్పించుకుందో, వరంగల్ జట్టును ఎట్లా ఏడిపించిందో, గెలిచాక కోఠిలో అందరూ కలిసి ఏం తిన్నారో. మాట సాఫీగా వస్తోంది, కాళ్లు వాటంతట అవే పోతున్నాయి. ఇంటికొచ్చి గోడకుర్చీ వేసినా ఆగలేదు. ఆయన మంచం అంచున కూర్చుని "తర్వాత?" అంటుంటే, ఈమె గోడకు ఆని మ్యాచులు చెప్పేది, లేచేది, కూర్చునేది.

అట్లా చెబుతూ చెబుతూ ఒకరోజు ఇందిరా పార్కులో కన్ను పోయిన మ్యాచి దగ్గరికి వచ్చింది.

"బాగ నొచ్చిందా విజయా?" అన్నాడాయన.

ఎవరూ అడగని ప్రశ్న. కన్ను పోయిందన్నారు, పెళ్లెట్లా అన్నారు, ఉద్యోగం వచ్చింది అదృష్టమన్నారు. నొచ్చిందా అని ఒక్కరూ అడగలేదు. విజయశ్రీ నడక ఆగింది.

"నొచ్చిందండీ. శానా నొచ్చింది" అంది. ఆ తర్వాత ఇక ఆగలేదు. "నాకు భయమైతుంది. ఈ కన్ను గూడ పోతే నేనేం జేయాలె? ఆ గౌను తొడగంగనే, మళ్ల కన్ను తెరుస్తనో తెర్వనో అని గుండె దడదడ కొట్టుకుంటది. ఎవరికీ చెప్పలే. చెప్తే నిజమైతదేమో అని చెప్పలే."

కిషన్ రావు ఆమె చేయి పట్టుకున్నాడు. "నాకూ భయమే విజయా. నువ్వు లోపలికి పోతే బయట కూసోని నాకే చెమటలు పడుతున్నయి. నీకు చెప్తే ఇంక పరేషాన్ అయితవని ఊకున్న."

"అంటే ఇన్ని దినాలు ఇద్దరం దాసుకోని తిరుగుతున్నమా?"

"గట్లనే ఉన్నది మరి."

విజయశ్రీ అక్కడే బెంచీ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నడుస్తున్నవాళ్లు చూస్తే చూడనీ అనుకుంది. ఏడుపు ఆగాక ఒళ్లంతా తేలికైపోయింది, అంత సుఖంగా ఆమె ఊపిరి తీసి ఎన్నాళ్లయిందో. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఆమె మూతి మాత్రం బిగుసుకోలేదు.

నారాయణగూడలో చూపించుకున్న ప్రతిసారీ బీపీ కొంచెం కొంచెం దిగుతూ వచ్చింది. మాత్రలు పనిచేశాయా, నడక పనిచేసిందా, గోడకుర్చీ పనిచేసిందా అని కిషన్ రావు ఆరా తీస్తే, "అన్నీ కలిసే చేస్తయి. ఏదీ ఆపొద్దు" అంది డాక్టరమ్మ. ఇక ఆసుపత్రికి వెళ్లండి అని చీటీ రాసిచ్చింది.

మూడోసారి గౌను తొడిగారు. చుక్కలు వేశారు. స్వర్ణ మిషన్ పట్టుకుని వస్తుంటే విజయశ్రీకి లోపల పాత బిగువు మొదలైంది. వెంటనే నోరు తెరిచింది.

"సిస్టర్, మీది ఏ ఊరు? పిల్లలెంతమంది? నాకు జర భయమైతుందమ్మా, నీకు ముందుగాలే చెప్తున్న."

"చెప్పండి అమ్మా, ఏం కాదు" అని స్వర్ణ కొంచెంసేపు పక్కన కూర్చుని, తన ఊరూ తన పిల్లలూ అన్నీ చెప్పింది. పట్టీ చుట్టాక, "ఇప్పుడు మాత్రం మాట్లాడొద్దు అమ్మా, మిషన్ తప్పు చూపిస్తది" అంది. విజయశ్రీ కళ్లు మూసుకుని, ఊపిరి మెల్లగా తీసి, అంతకంటే మెల్లగా విడిచింది. పట్టీ బిగిసి, వదులై, ఆగింది.

స్వర్ణ మిషన్ వైపు చూసి, లోపలికి తిరిగి గట్టిగా చెప్పింది. "సార్, పేషెంట్ రెడీ!"

ఆ మాటకు విజయశ్రీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

లోపల పని ఎంతోసేపు పట్టలేదు. ఆ రాత్రి కంటికి కట్టుతో ఆసుపత్రిలోనే పడుకుంది. మర్నాడు పొద్దున స్వర్ణ వచ్చి కట్టు విప్పి, కన్ను తుడిచి, "మెల్లగ తెరవండి అమ్మా" అంది.

ముందు తెల్లటి వెలుగు కొట్టింది. తర్వాత కిటికీ చువ్వలు, గోడ మీద గడియారం, అందులో ముల్లు కదలడం. స్వర్ణ ముక్కుపుడక. "గింత చిన్నపిల్లవా సిస్టర్ నువ్వు!" అంది విజయశ్రీ. కనపడుతోంది, అన్నీ కనపడుతున్నాయి. గుండె మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది.

మంచం కాళ్ల దగ్గర కిషన్ రావు నిలబడి ఉన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది. రెండేళ్లుగా ఆమెకు కనపడింది ఆయన ఆకారం, వినపడింది ఆయన గొంతు. మొహం మాత్రం మనసులో ఉన్న పాతదే. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషికి జుట్టంతా తెల్లబడింది. కళ్ల కింద సంచులు వేలాడుతున్నాయి. మెడ చర్మం వదులైంది. గడ్డం సరిగ్గా గీసుకోలేదు.

"ఏందండీ, గింత ముసలిగ అయిండ్రు మీరు?" అంది.

"నువ్వు చూస్తలేవు కదా అని జర తొందరగ అయిన" అన్నాడు కిషన్ రావు, కళ్లు తుడుచుకుంటూ.

విజయశ్రీ ఆయనను దగ్గరికి పిలిచింది. వార్డులో అందరూ చూస్తుండగానే ఆ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో ముడతా చూసుకుంటూ చాలాసేపు అట్లాగే కూర్చుంది.